డిస్కుకు దారులెన్ని?

ఒక కేబుల్ తెగినంత మాత్రాన డేటా అందకుండా పోకూడదు. కంప్యూటర్‌కూ డిస్కుకూ మధ్య రెండో దారి వేసింది ఈ భయంతోనే. వైరు లాగడం ఎంతసేపు? ఆ రెండు వైర్ల చివరా ఉన్నది ఒకే డిస్కని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిసిరావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360లో డిస్కులతో వ్యవహారమంతా ఛానెల్ అనే విడి యంత్రాంగం చూసుకునేది. ఒక కంట్రోల్ యూనిట్‌ను రెండు ఛానెళ్లకు కలపవచ్చు. కానీ ఏ ఛానెల్‌లో పంపాలో ఆపరేటింగ్ సిస్టమే చెప్పాలి. అది ఖాళీగా లేకపోతే ఇంకోదాన్ని తనే ప్రయత్నించాలి. ఐబీఎం 1981లో ప్రకటించి 1983లో అందించిన 370-ఎక్స్‌ఏ యంత్ర నిర్మాణం ఈ బరువును హార్డ్‌వేర్‌కు అప్పగించింది. ఆపరేటింగ్ సిస్టమ్ ఫలానా డిస్కు కావాలంటే చాలు, ఛానెల్ సబ్‌సిస్టమ్ ఎనిమిది దారుల దాకా చూసి ఖాళీగా ఉన్నదాన్ని పట్టుకునేది. వెళ్లిన దారినే తిరిగి రావాలన్న కట్టుబాటు కూడా పోయింది. ఇంత శుభ్రమైన పరిష్కారం తర్వాత మళ్లీ రాలేదని నా అభిప్రాయం.

యూనిక్స్, లినక్స్ సర్వర్లకు ఆ వారసత్వం దక్కలేదు. అవి డిస్కులతో మాట్లాడే స్కజీ ప్రమాణం లెక్కలో ఒక అడ్రసుంటే ఒక డిస్కు ఉన్నట్టే. 1990ల్లో సర్వర్లనూ స్టోరేజీనీ కలిపే ఫైబర్ ఛానెల్ స్విచ్‌లు వచ్చాక ఒకే డిస్కు నాలుగు దారుల్లో కనిపిస్తే లినక్స్ దానికి ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ అని నాలుగు పేర్లు పెట్టేది. ఇంట్లో ముద్దుపేరు, బడిలో అసలు పేరు ఉన్న పిల్లవాణ్ణి ఇద్దరనుకున్నట్టు! అసలు సంగతి డిస్కునే అడగాలి. ఇంక్వైరీ ఆదేశానికి జవాబుగా అది తన గుర్తింపు సంఖ్య చెబుతుంది. నాలుగు దారుల్లోనూ అదే సంఖ్య వస్తే డిస్కు ఒక్కటే. దారి ఎంచుకోవడం ఆ తర్వాతి మాట.

మొదట్లో ఈ పని స్టోరేజీ కంపెనీల సాఫ్ట్‌వేర్ చేసేది. ఈఎంసీ పవర్‌పాత్, వెరిటాస్ డీఎంపీ అలా వచ్చినవే. తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌లే అందుకున్నాయి: ఏఐఎక్స్ 2002లో, లినక్స్ డివైస్ మ్యాపర్ 2005లో.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. చాలా స్టోరేజీల్లో రెండు కంట్రోలర్లుంటాయి, డిస్కు మాత్రం ఒకదాని అధీనంలో ఉంటుంది. రెండోదాని ద్వారా అడిగితే పని నెమ్మదిస్తుంది, లేదా అధీనమే మారిపోతుంది. రెండు సర్వర్లు చెరో దారిన అడిగితే డిస్కు కంట్రోలర్ల మధ్య అటూ ఇటూ ఊగుతుంది. ఏ దారి మేలో స్టోరేజీయే చెప్పే ఆలువా పద్ధతి ప్రమాణంగా వచ్చాకే ఇది సర్దుకుంది.

దారి చచ్చిందా, ఆలస్యమవుతోందా అన్నది ఇప్పటికీ కష్టమైన ప్రశ్నే. లినక్స్‌లో మామూలుగా ఒక స్కజీ ఆదేశం 30 సెకన్లు ఎదురుచూస్తుంది. దారుల్ని విడిగా 5 సెకన్లకోసారి పరీక్షిస్తారు. అన్ని దారులూ పోతే ఎర్రర్ ఇవ్వాలా, అభ్యర్థనల్ని క్యూలో ఉంచాలా? గడువు లేకుండా క్యూలో ఉంచడం తప్పంటాను. డేటాబేస్ ఒక్క ఎర్రరూ చూపదు, కదలదు కూడా.

2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15 స్కజీకి బదులు ఎన్‌వీఎంఈ పద్ధతిలో మాట్లాడే డిస్కులకు దారులు ఎంచుకునే తెలివిని నేరుగా డ్రైవర్‌లోనే పెట్టింది. దారులెన్ని ఉన్నా పైకి కనిపించే పేరు ఒక్కటే.

ఇంత చరిత్రా ఒక్క తప్పుతో వృథా కావడం నేను కళ్లారా చూశాను. తెరమీద రెండు దారులూ 'యాక్టివ్, రెడీ, రన్నింగ్' అన్నాయి. ఓ రాత్రి స్విచ్‌కు కరెంటు పోయింది. రెండూ ఒకేసారి పోయాయి. ర్యాక్ వెనక్కి వెళ్లి చూస్తే రెండు కేబుళ్లూ ఆ ఒక్క స్విచ్‌లోనే ఉన్నాయి. సర్వర్‌ను అప్పగించే ముందు కేబుల్ ఎక్కడికి వెళ్తోందో చేత్తో పట్టుకుని చివరిదాకా చూడండి. తర్వాత ఒకటి పీకండి, పని ఆగలేదని తేలాకే సంతకం పెట్టండి.