పొలం షెడ్డులో పనిబల్ల: తయారీ, అమరిక, జాగ్రత్తలు

మిర్చి, పత్తి పండించే రైతు ఇంట్లో ఇప్పుడు యంత్రాలు పెరిగాయి. బ్యాటరీ స్ప్రేయరు, పెట్రోలుతో నడిచే పవర్ స్ప్రేయరు, మోటారు, డ్రిప్పు సామాను, కలుపు తీసే యంత్రం లేని ఇల్లు తక్కువ. పూర్వం నాగలి, గొర్రు చెడితే ఊళ్లోని వడ్రంగి, కమ్మరి బాగుచేసేవారు. పంట కళ్ళంలో వారికి మేర కొలిచేవారు. ఇప్పుడు చిన్న వాషరు అరిగినా, నాజిల్ మూసుకుపోయినా సింగరాయకొండకో, ఒంగోలుకో పరుగెత్తాల్సి వస్తోంది. పురుగు ఉధృతంగా ఉన్నప్పుడు రెండు రోజులు పిచికారీ ఆగితే నష్టం ఎంతో మిర్చి రైతుకు చెప్పనక్కర్లేదు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతను దెబ్బతీసినప్పుడు పనిచేసే స్ప్రేయరు చేతిలో ఉండటం ఎంత ముఖ్యమో అందరికీ తెలిసింది.

ఇలాంటి చిన్న మరమ్మతుల్లో చాలా భాగం ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. అందుకు ముందుగా కావలసింది కదలని, గట్టి పనిబల్ల. నేలమీద కూర్చుని వంగి చేస్తే నడుము నొప్పి వస్తుంది, చిన్న విడిభాగాలు మట్టిలో పోతాయి, పట్టు సరిగా దొరకక చేతికి దెబ్బ తగులుతుంది. ఉన్న కర్ర, పాత ఇనుముతో తక్కువ ఖర్చులో పనిబల్ల తయారుచేసుకునే విధానం ఇక్కడ ఇస్తున్నాం.

ఎప్పుడు, ఎక్కడ?

మన ప్రాంతంలో ఎక్కువ వర్షం ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడుతుంది. ఆ రోజుల్లో కర్ర తేమ పీల్చి ఉబ్బుతుంది. మిర్చి కోతలు అయిపోయాక, వేసవిలో బల్ల చేసుకుంటే కర్ర బాగా ఆరి ఉంటుంది, మీకూ తీరిక దొరుకుతుంది.

వాడకుండా ఉన్న పొగాకు బ్యారన్ ముందు వసారా, ట్రాక్టరు షెడ్డులో ఒక మూల, పశువుల పాకకు దూరంగా వేసిన రేకుల పంచ, ఏదైనా సరిపోతుంది. చోటు ఎంచుకునేటప్పుడు ఈ నాలుగు చూడండి.

- వెలుతురు ఎడమ పక్కనుంచి గానీ, ఎదురుగా గానీ రావాలి. వెనకనుంచి వస్తే మీ నీడ పనిమీద పడుతుంది.
- వాన జల్లు తగలకూడదు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కాబట్టి తూర్పు వైపు తెరిచి ఉంటే తడిక గానీ, రేకు గానీ కట్టాలి.
- వంటిల్లు, తాగునీటి బిందెలు, ధాన్యం బస్తాలు, దాణా దగ్గరలో ఉండకూడదు.
- పొడవైన పైపు, గొర్రు కర్ర పట్టేలా కనీసం ఒక చివర ఖాళీగా ఉండాలి.

ఎంత ఎత్తు?

ఎక్కువమంది చేసే పొరపాటు ఎత్తు విషయంలోనే. భోజనాల బల్ల ఎత్తులో చేస్తే పనికి వంగాల్సి వస్తుంది. నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలేయండి. మణికట్టు దగ్గర ఎంత ఎత్తు ఉందో బల్ల పైభాగం అంత ఉంటే సుత్తి పనికి, విప్పి బిగించే పనికి బాగుంటుంది. ఐదున్నర అడుగుల మనిషికి ఇది సుమారు 34 అంగుళాలు. వైస్ బిగించాక దాని దవడల పైఅంచు మీ మోచేతి మట్టానికి రావాలి. అప్పుడు ఆకురాయి పట్టేటప్పుడు భుజం లాగదు.

ఇంట్లో ఆడవాళ్లు కూడా స్ప్రేయరు శుభ్రం చేయడం, కొడవళ్లకు పదును పెట్టడం చేస్తుంటే వారి కొలత కూడా చూడండి. ఎత్తు తేడా ఎక్కువగా ఉంటే పొట్టివారి కోసం గట్టి చెక్క పీట వేయవచ్చు. పొడవైనవారి కోసం బల్ల కాళ్ల కింద రాయి పెట్టి ఎత్తవచ్చు.

పొడవు 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు చిన్న రైతుకు సరిపోతుంది. వెడల్పు రెండున్నర అడుగులు దాటితే వెనక గోడకు తగిలించిన పనిముట్లు చేతికి అందవు.

ఏ కర్ర మంచిది?

నల్ల తుమ్మ: బరువైనది, గట్టిది. బండి చక్రాలకు, నాగళ్లకు వాడేది ఇదే. బల్ల పైచెక్కకు, కాళ్లకు ఎంతో మంచిది. పచ్చి మొద్దును కొన్నాళ్లు చెరువు నీటిలో నానబెట్టి తర్వాత నీడలో ఆరబెట్టే పాత పద్ధతిలో మేలు ఉంది. కర్రలోని పిండి పదార్థం నీటిలోకి పోతుంది కాబట్టి పుచ్చు తగ్గుతుంది.

వేప: చెదలను బాగా తట్టుకుంటుంది. కాళ్లకు, అడ్డకర్రలకు వాడవచ్చు.

తాటి: ముదురు చెట్టు బయటి భాగం చాలా గట్టిది, లోపలి భాగం మెత్తన. అడ్డకర్రలకు పనికొస్తుంది. పైచెక్కకు వద్దు, పేళ్లు లేచి చేతికి గుచ్చుకుంటాయి.

సుబాబుల్, జామాయిల్, సరుగుడు: మన వైపు సులువుగా దొరుకుతాయి. సుబాబుల్‌కు చెదలు, పుచ్చు త్వరగా వస్తాయి. జామాయిల్ ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది. సరుగుడు చీలుతుంది. కింది అరకు, గోడ పట్టీలకు మాత్రమే వాడండి.

అన్నిటికంటే చౌక, మేలు పాత కర్ర. కూల్చిన ఇంటి దూలాలు, వాసాలు, పాత తలుపులు, ఎడ్లబండి కర్రలు ఏళ్ల తరబడి ఆరి ఉంటాయి, ఇక మెలి తిరగవు. కోత మిల్లుకు ఇచ్చేముందు మేకులన్నీ పీకించండి. ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు పోతాయి, మనిషికీ ప్రమాదం.

పచ్చి కర్రతో బల్ల చేయవద్దు. చెక్క మందం అంగుళానికి సుమారు ఏడాది నీడలో ఆరాలి అన్నది స్థూలమైన లెక్క. సొంత పొలంలో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలేమో రెవెన్యూ, అటవీ సిబ్బందిని ముందే అడగండి.

సామగ్రి లెక్క

కర్ర బల్లకు (6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 34 అంగుళాల ఎత్తు):

- పైచెక్కలు: 2 అంగుళాల మందం, 6 అడుగుల పొడవు. పక్కపక్కన పేరిస్తే 2 అడుగుల వెడల్పు రావాలి.
- కాళ్లు: 3 × 3 అంగుళాలు, 32 అంగుళాల పొడవు, 4.
- పొడవు అడ్డకర్రలు: 4 × 2 అంగుళాలు, 5 అడుగులు, 4.
- పొట్టి అడ్డకర్రలు: 4 × 2 అంగుళాలు, 1 అడుగు 9 అంగుళాలు, 5.

మొత్తం కర్ర సుమారు 4.3 ఘనపు అడుగులు. కోత, చిత్రిక తరుగు కలిపి 5 ఘనపు అడుగులు అనుకోండి. మీ ఊరి కోత మిల్లు ధరతో గుణిస్తే ఖర్చు తెలుస్తుంది. జింకు పూత ఉన్న బోల్టులు, పెద్ద వాషర్లు తీసుకోండి. పూత లేనివి ఉప్పుగాలికి తుప్పు పట్టి తర్వాత విప్పడానికి రావు.

ఇనుప చట్రం కావాలంటే 40 × 40 × 5 మిల్లీమీటర్ల యాంగిల్ తీసుకోండి. పై చట్రం, కింది చట్రం, కాళ్లు, నడిమి అడ్డం కలిపి సుమారు 45 అడుగులు పడుతుంది. ఈ యాంగిల్ మీటరుకు 3 కిలోల బరువు. అంటే మొత్తం 41 కిలోల వరకు వస్తుంది. పాత ఇనుము కొట్టులో తూకం వేయించుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. వెల్డింగ్ అయ్యాక రెడ్ ఆక్సైడ్ వేసి, ఆరాక రెండు పూతలు పెయింటు వేయించాలి.

తయారుచేసే విధానం

1. నాలుగు కాళ్లను ఒకచోట పక్కపక్కన పెట్టి ఒకేసారి గీతలు గీయండి. విడివిడిగా కొలిస్తే తేడా వస్తుంది.

2. అడ్డకర్ర కూర్చునే చోట కాలికి అంగుళం లోతు గాడి కొట్టించండి. బరువు బోల్టు మీద కాకుండా కర్ర మీద పడాలి. బోల్టు ఒక్కటే మోస్తే కొన్నాళ్లకు రంధ్రం సాగి బల్ల ఊగుతుంది.

3. చివరల్లో పొట్టి అడ్డకర్రలు కాళ్ల పైఅంచుతో సమంగా ఉండాలి. పొడవు అడ్డకర్రలు వాటికి 4 అంగుళాల కింద రావాలి. అప్పుడు మధ్యలో వేసే ఐదో పొట్టి కర్ర పొడవు కర్రల మీద కూర్చుని, చివరి కర్రలతో ఒకే మట్టానికి వస్తుంది. పైచెక్కలు ఈ మూడింటి మీద ఆనుతాయి.

4. బోల్టులు పూర్తిగా బిగించేముందు మూలలు చూడండి. ఇంటి పునాదికి చూసినట్టే 3, 4, 5 లెక్క పనికొస్తుంది. ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ సమానంగా ఉంటే చట్రం సరిగ్గా ఉన్నట్టు.

5. పైచెక్కలు రెండు చివరలా 6 అంగుళాల చొప్పున బయటకు రావాలి. చెక్కకూ చెక్కకూ మధ్య పలుచటి రేకు పట్టేంత సందు ఉంచండి. వానాకాలంలో చెక్క ఉబ్బడానికి అది కావాలి. స్క్రూ తలలు చెక్కలోకి దిగిపోవాలి, పైకి ఉంటే చేయి గీరుకుంటుంది.

6. వెనక వైపు కాళ్ల మధ్య ఒక ఏటవాలు కర్ర బిగించండి. ఇది లేకపోతే రంపం పట్టినప్పుడు బల్ల పక్కకు ఊగుతుంది.

7. కాళ్లను మట్టినేల మీద నేరుగా పెట్టవద్దు. చీమకుర్తి గ్రానైటు ముక్కలు దొరికితే ఒక్కో కాలి కింద ఒకటి వేయండి. చెదలు నేలనుంచి నేరుగా కాలికి ఎక్కలేవు, ఎక్కితే రాయి మీద మట్టి గూడు కట్టాలి కాబట్టి వెంటనే కనబడుతుంది.

8. కింది అడ్డకర్రల మీద చెక్కలు పేర్చి అర చేయండి. దానిమీద పాత మోటారు, ఇసుక మూట లాంటి బరువు ఉంచితే బల్ల కదలదు.

కడప బండ వేయవచ్చా?

చాలామంది పైచెక్కకు బదులు కడప బండ వేస్తామంటారు. స్ప్రేయరు తుడవడానికి, నాజిల్ శుభ్రం చేయడానికి బండ మంచిదే. మందు పీల్చుకోదు, కడిగితే పోతుంది. కానీ సుత్తి దెబ్బకు పగులుతుంది. కడప బండ సున్నపురాయి జాతి కాబట్టి బ్యాటరీ యాసిడ్ పడితే తినేస్తుంది. అందుకే సుత్తి పనికి చెక్క బల్ల, మందు తగిలిన సామానుకు వేరే చిన్న బండ పెట్టుకోవడం మేలు.

మీ పనికి తగ్గట్టు అమర్చుకోండి

వైస్: 4 అంగుళాల దవడల వైస్ సరిపోతుంది. దాన్ని బల్ల నడుమ కాకుండా, కాలికి సరిగ్గా పైన, ఖాళీ చివర బిగించండి. లోపలి దవడ బల్ల అంచుకన్నా కొద్దిగా బయటకు ఉంటే పొడవైన పైపును నిలువుగా పట్టవచ్చు. ఇత్తడి నాజిల్, ప్లాస్టిక్ భాగాలు పట్టేటప్పుడు దవడలకు అల్యూమినియం రేకు ముక్కలు మడిచి తొడగండి, మరలు నలగవు.

విడిభాగాల పళ్లెం: అంచులున్న స్టీలు పళ్లెం ఒకటి బల్లమీదే ఉంచాలి. పాత స్పీకరు అయస్కాంతం అడుగున అంటిస్తే ఇనుప స్క్రూలు పోవు. ఇత్తడి, రబ్బరు భాగాలను అయస్కాంతం పట్టదు కాబట్టి వాటిని మూత ఉన్న డబ్బాలో వేయండి. విప్పిన వరుసలోనే పేర్చి ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించడం తేలిక.

గోడ పట్టీ: పానాలు, పట్టకార్లు, రంపం తగిలించే చోట వాటి ఆకారం పెయింటుతో గీయండి. సాయంత్రం ఏది తిరిగి రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

స్ప్రేయర్ల కొక్కేలు: కలుపు మందు స్ప్రేయరుకు ఎర్ర గుర్తు, పురుగు మందు స్ప్రేయరుకు పచ్చ గుర్తు వేసి వేర్వేరు కొక్కేలకు తగిలించండి. 2,4-డి కొట్టిన స్ప్రేయరులో మిగిలిన కొద్దిపాటి మందే పత్తి, మిర్చి ఆకులను ముడిచి పైరును దెబ్బతీస్తుంది. గొట్టాలు, వాషర్లు కూడా కలవకూడదు.

చోటు లేనివారికి: గోడకు కీళ్లతో బిగించి, పని అయ్యాక కిందికి మడిచే 4 అడుగుల బల్ల చేసుకోవచ్చు. ఇది నాజిల్, వైరింగ్ పనులకే. సుత్తి పనికి ఆగదు.

నలుగురు రైతులు కలిసి ఒక బల్ల, వైస్, పానాల సెట్టు పెట్టుకున్నా బాగుంటుంది. ఎవరు ఏం తీసుకెళ్లారో రాసే పుస్తకం ఒకటి బల్లకే కట్టి ఉంచండి.

తప్పనిసరి జాగ్రత్తలు

- స్ప్రేయరును పొలంలోనే మూడుసార్లు కడిగిన తర్వాతే బల్లమీదికి తీసుకురండి. కడిగిన నీరు కాలువలో, బావి దగ్గర పోయవద్దు.
- నాజిల్‌ను నోటితో ఊదవద్దు. పాత టూత్‌బ్రష్, నీరు వాడండి. రబ్బరు గ్లౌజులు వేసుకోండి. బల్ల దగ్గర తినడం, బీడీ తాగడం వద్దు.
- బ్యాటరీ ఛార్జింగ్ గాలి ఆడే చోట ప్లాస్టిక్ ట్రేలో పెట్టండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది కాబట్టి దగ్గరలో గ్రైండింగ్, నిప్పు ఉండకూడదు.
- గ్రైండరుకు మూత, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తువ్వాలు, పైట చెంగు, వదులు చొక్కా చేతులు చక్రానికి చిక్కితే ప్రాణాపాయం.
- కరెంటు పాయింటుకు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.
- పురుగు మందులు బల్ల కింద అరలో పెట్టవద్దు. పిల్లలకు అందని చోట వేరే తాళం పెట్టెలో ఉంచాలి.
- పెట్రోలు ఇంజను బాగుచేసేముందు ప్లగ్గు వైరు తీయండి, బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ విడదీయండి.
- మందు వల్ల తల తిరగడం, వాంతులు, చూపు మసకబారడం ఉంటే మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి.

నిర్వహణ

కొత్త కర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి మొదటి మూడు నెలలు నెలకోసారి బోల్టులు బిగించండి. వైస్ మరకు, పానాలకు నూనె గుడ్డతో తుడవడం వారానికోసారి చేయాలి. వానాకాలం ముందు పైచెక్కకు అవిసె నూనె పూత వేసి ఆరనివ్వండి. నూనె గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, పరిచి ఆరేయండి. నెలకోసారి కాళ్ల దగ్గర చెదల గూళ్లు ఉన్నాయేమో చూడండి.

నాజిళ్లు, వాషర్లు, ప్లగ్గు, గొట్టం క్లిప్పులు, ఫ్యూజులు ఒక్కో జత చొప్పున బల్ల సొరుగులో ముందే తెచ్చి ఉంచుకోండి. మొదటి పిచికారీకి వారం ముందు స్ప్రేయర్లన్నీ బల్లమీద పెట్టి, నీళ్లతో నడిపి చూసుకోండి. లోపం ఉంటే అప్పుడే బయటపడుతుంది, సరిచేసుకోవడానికి సమయమూ ఉంటుంది.