ఇంట్లో బిగించుకున్న హై-ఫై: 1947 నుంచి 1969 దాకా

పరిమితమైన ఆదాయంలో ఉన్నతస్థాయి ధ్వనిని ఇంటికి తెచ్చుకోవడమనే అలవాటుకు ఒక స్పష్టమైన తొలి ఘట్టం చెప్పవలసి వస్తే, అప్పట్లో లండన్ నుంచి వెలువడిన 'వైర్‌లెస్ వరల్డ్' పత్రిక 1947 ఏప్రిల్, మే సంచికలను పేర్కొనాలి. అంతకుముందు మార్కోని-ఆస్రామ్ వాల్వ్ కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన డి.టి.ఎన్. విలియమ్సన్ ఆ రెండు సంచికలలో ఒక యాంప్లిఫైయరు నమూనాను భాగాల విలువలతో సహా పూర్తిగా ప్రకటించాడు. సుమారు 15 వాట్ల శక్తినిచ్చే ఆ యంత్రంలో డిస్టార్షన్, అంటే మూలధ్వనిలో లేనిది వచ్చి కలవడం వల్ల కలిగే వికృతి, వెయ్యింట ఒక వంతు మించలేదు. బెల్ లేబొరేటరీస్‌కు చెందిన హెరాల్డ్ బ్లాక్ 1927లో ఊహించిన నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ పద్ధతి, అనగా బయటికి వచ్చే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కు పంపి లోపలికి వచ్చే సంకేతంతో పోల్చి తప్పును సరిదిద్దే ఏర్పాటు, దీనికి ఆధారం.

అయితే ఆ నమూనాలో ధనవ్యయమంతా ఒకచోట పోగుపడింది. యాంప్లిఫైయరులో సంకేతాన్ని పెంచే వాల్వులు (వాక్యూమ్ ట్యూబులు) అధిక వోల్టేజి వద్ద స్వల్పమైన కరెంటుతో పనిచేస్తాయి. స్పీకరుకు అందుకు విరుద్ధంగా తక్కువ వోల్టేజి, ఎక్కువ కరెంటు కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. విలియమ్సన్ దానిని కూడా ఫీడ్‌బ్యాక్ వలయంలోకి చేర్చినందువల్ల, మనిషి చెవికి వినిపించే హద్దులకు ఎంతో ఎగువన కూడా అది సంకేతాన్ని ఆలస్యం చేయకుండా దాటించవలసి వచ్చింది. అందుకు రాగి తీగను అనేక విభాగాలుగా, ఒకదాని మధ్య ఒకటిగా చుట్టాలి. ఇక్కడ నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని నాసిరకం ట్రాన్స్‌ఫార్మరు తగిలించినవారి యంత్రాలు, తప్పును దిద్దవలసిన సంకేతమే ఆలస్యంగా చేరి తప్పును పెంచడం వల్ల, తమంతట తామే డోలనాలు సృష్టించుకునేవి. పొదుపు ఎక్కడ చేయకూడదో తెలియడమే ఈ విద్యలో సగమని చెప్పడం అతిశయోక్తి కాదు.

అమెరికాలో ఇదే నమూనాకు యుద్ధం మిగిల్చిన సరుకు కలిసివచ్చింది. ప్రసార యంత్రాల కోసం తయారై, యుద్ధానంతరం మిగులు సామగ్రిగా చౌకగా దొరికిన 807 రకం వాల్వులతో డేవిడ్ సార్సర్, మెల్విన్ స్ప్రింకిల్ 1949 నవంబరు 'ఆడియో ఇంజనీరింగ్'లో విలియమ్సన్ నమూనాను తిరగరాశారు. మిషిగాన్‌లోని హీత్ కంపెనీ 1947లో అటువంటి మిగులు సరుకుతోనే ఆసిలోస్కోపు కిట్ అమ్మి, ఆ తరువాత యాంప్లిఫైయర్ల వైపు తిరిగింది. కిట్ అంటే విడిభాగాలన్నీ ఒక పెట్టెలో పెట్టి, ఏ తీగ ఎక్కడ అతకాలో అంచెలంచెలుగా చెప్పే పుస్తకంతో అమ్మడం. బిగించే కూలి కొన్నవాడిదే గనుక ధర తగ్గేది. పెట్టెలో వచ్చిన ఆ పుస్తకమే చాలామందికి ఎలక్ట్రానిక్స్‌లో తొలి వాచకమైందని కూడా చెప్పుకోవచ్చు.

స్పీకరు సమస్య వేరు. మంద్రస్వరాలకు చాలా గాలిని కదిలించాలి, అందుకు పెద్ద పెట్టె కావాలి. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940ల మధ్యలో గది మూలనే, రెండు గోడలతో సహా, స్పీకరు బాకాకు కొనసాగింపుగా వాడుకున్నాడు. ఇంగ్లండులో వార్ఫ్‌డేల్ సంస్థాపకుడు జి.ఎ. బ్రిగ్స్ పలకల మధ్య ఇసుక నింపిన పెట్టెలను, ఇటుకలతో మూలన కట్టే పెట్టెలను ప్రచారం చేశాడు; అద్దె ఇళ్లవారికి ఇటుకల స్పీకరు ఎంత పనికొచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ స్థాపించిన అకూస్టిక్ రీసెర్చ్ సంస్థ వారి ఏఆర్-1 ఈ చిక్కును విప్పింది: బిగుతుగా మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి, స్పీకరు కోనును వదులుగా వేలాడదీయడం దాని కిటుకు. కానీ ప్రకృతి అప్పు వసూలు చేయక మానదు. పెట్టె చిన్నదైన మేరకు సామర్థ్యం తగ్గి, బాకా స్పీకరుకు పుష్కలంగా సరిపోయిన 15 వాట్లు దీనికి చాలక, స్పీకరు మార్చినవారు యాంప్లిఫైయరు కూడా మార్చవలసి వచ్చింది. ఒకటి మారిస్తే రెండవది తక్కువనిపించే ఈ గొలుసు అప్పటి నుంచే మొదలైంది.

1958లో స్టీరియో రికార్డులు విరివిగా వెలువడడంతో ఆ గొలుసు రెట్టింపైంది: స్పీకర్లు రెండు, యాంప్లిఫైయర్లు రెండు. ఫిలడెల్ఫియాలో డేవిడ్ హాఫ్లర్, ఎడ్ లారెంట్ నెలకొల్పిన డైనాకో సంస్థ 1959లో తెచ్చిన స్టీరియో 70, ఒకే చట్రం మీద, ఒకే పవర్ ట్రాన్స్‌ఫార్మరుతో, చానలుకు 35 వాట్ల చొప్పున రెండు చానళ్లనూ ఇమిడ్చింది. తప్పులకు ఆస్కారమున్న చిన్న భాగాలను ముద్రిత పలక మీద కర్మాగారంలోనే అతికి పంపడం వల్ల, అనుభవం లేని వ్యక్తి కూడా కొన్ని గంటల పనితో దానిని పూర్తి చేయగలిగాడు. మూడు లక్షలకు పైగా అమ్ముడైన ఆ యాంప్లిఫైయరు విజయానికి ధ్వని నాణ్యత ఎంత కారణమో, ఖర్చు పంచిన ఈ తీరు అంతే కారణం.

వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టరు వచ్చి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును పూర్తిగా తొలగించింది. 1969 ఏప్రిల్‌లో అదే 'వైర్‌లెస్ వరల్డ్'లో జాన్ లిన్స్‌లీ హుడ్ చానలుకు నాలుగే ట్రాన్సిస్టర్లతో 10 వాట్ల యాంప్లిఫైయరును ప్రకటిస్తూ, విలియమ్సన్ యంత్రాన్నే కొలబద్దగా పెట్టుకున్నాడు. ఆ తరువాతి దశాబ్దాలలో హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, మద్రాసులోని రిచీ స్ట్రీట్ వంటి బజార్లలో విడిభాగాలు ఏరుకుని, వడ్రంగి చేత పెట్టె చేయించుకుని 'అసెంబుల్డ్ సెట్టు' కట్టించుకున్న తెలుగు గృహస్థులు నడిచినదీ ఈ దారే. లిన్స్‌లీ హుడ్ నమూనా ఆధారంగా తయారైన కిట్లు నేటికీ అమ్మకానికి దొరుకుతున్నాయి.