గుట్ట మీది బిట్టు

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ పిల్లలకు చరిత్ర చెప్పబట్టి పద్దెనిమిదేళ్లయింది. సైన్య సహకార పద్ధతికి మొదట ఒప్పుకున్నదెవరు? నిజాం, 1798. నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ జవాబుకు సాక్ష్యం మన పక్క గుట్ట మీదే ఉందంటే మాత్రం నమ్మరు. అందుకే మొన్న మార్చి 25న ఏడుగురిని వెంటబెట్టుకుని ఆస్మాన్‌గఢ్ ఎక్కాను.

పైకి పోయేకొద్దీ సన్నబడే రాతి స్తంభం, దాదాపు 23 అడుగులు. దాని మీద జె.ఆర్. అని రెండక్షరాలు. కడప అమ్మాయి ఒకతె వాటిని వేలితో తడిమి చూసింది.

మిషెల్ జోషిం మరీ రేమండ్ సమాధి అది. ఇరవయ్యేళ్ల వయసులో పుదుచ్చేరి చేరిన ఫ్రెంచివాడు, 1786లో నిజాం అలీఖాన్ కొలువుకొచ్చాడు. వేలమంది సిపాయిలకు యూరప్ కవాతు నేర్పాడు, ఫిరంగులు పోయించాడు. 1795లో నిజాం కొడుకు అలీజా తిరగబడితే అణిచిందీ ఈయన దళమే. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మెట్రోలో రోజూ వినే మూసారాంబాగ్ ఆయన పేరే. ఆయన పోయిన రోజున ఏటా ఇక్కడ ఉర్సు జరిగేది.

1798 మార్చి 25న పోయాడు. సెప్టెంబరు 1న నిజాం ఈస్టిండియా కంపెనీతో ఆ సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కంపెనీ సైన్యం ఖర్చుకు ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి, రేమండ్ తయారుచేసిన ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబరులో కంపెనీ సేనలు ఆ దళాన్ని చుట్టుముట్టి, రక్తపాతం లేకుండానే వాళ్ల తుపాకులు కింద పెట్టించాయి. రెండేళ్లకు, 1800లో, సైన్యం ఖర్చు కింద కడప, అనంతపురం, బళ్లారి సీమలు కంపెనీ చేతికి పోయాయి. అవే దత్తమండలాలు.

"సార్, ఈయప్ప బతికుంటే మా కడప పోయేది కాదా?"

"ఈయనా జీతానికి కత్తి పట్టినవాడే తల్లీ," అన్నాను. అంతకు మించి ఏం చెప్పాలో తోచలేదు. జనం అంత ప్రేమగా పిలుచుకున్న మనిషిని కిరాయి సిపాయి అని కొట్టేయలేను, మన వీరుడనీ అనలేను.

ఆ గుట్ట మీదే 1885లో పాయిగా అమీరు ఆస్మాన్ జా కట్టించిన మహల్ ఉంది. తర్వాత ఆయన నిజాంకు దివాన్ అయ్యాడు. బురుజులు చూస్తే యూరప్ కోటలా ఉంటుంది. ఒకప్పుడు అందులో పురావస్తు మ్యూజియం ఉండేది, వడ్డమాను తవ్వకాల్లో దొరికినవి పెట్టారు. ఇప్పుడు బడి నడుస్తోంది. నన్నడిగితే ఈ గుట్ట మీద 1798కి ఒక్క గదైనా ఉండాలి. సమాధి పక్కనున్న స్తంభాల మంటపం 2001లో కూలిపోతే మళ్లీ కట్టారు, ఆ పాటి శ్రద్ధ కథ మీద కూడా పెట్టొచ్చు.

మర్నాడు క్లాసులో ఆ బిట్టు దగ్గరికొచ్చాం. జవాబు చెప్పకుండా బోర్డు మీద 24,17,100 అని రాశాను. కడప అమ్మాయి లేచి, మిగతాది తానే చెప్పింది.