చివర తెగిన చిత్రం

ద్రోణపర్వంలో ధర్మరాజు పచ్చి అబద్ధమేమీ ఆడలేదు. అశ్వత్థామ హతుడైనాడని బిగ్గరగా అన్నాడు. ఏనుగన్న మాటను మాత్రం వినబడకుండా అన్నాడు. ఆచార్యుని ప్రాణం తీసినది ఆ వినబడని ముక్కయే. 2018లో మన పల్లెలను వణికించిన ఒక వాట్సాప్ వీడియో పూర్వాపరాలు చదువుతుంటే ఈ ఘట్టమే తలపునకు వచ్చింది.

దాని పుట్టిల్లు కరాచీ. రోష్ని హెల్ప్‌లైన్ అనే పిల్లల సంక్షేమసంస్థ కోసం తీసిన ప్రకటన అది. వీధిలో ఆడుకొంటున్న పిల్లవాణ్ణి మోటారుసైకిలుపై వచ్చిన ఇద్దరు ఎత్తుకొనిపోతారు. మరుక్షణమే తిరిగివచ్చి బిడ్డను దింపి, పిల్లలను కనిపెట్టుకొమ్మని హెచ్చరించే అట్టను చూపుతారు. ఎవరో ఈ చివరి భాగాన్ని కత్తిరించారు. మిగిలిన సగం, పిల్లలనెత్తుకుపోయే ముఠాలు దిగాయన్న మాటలను తగిలించుకొని మన దేశమంతా తిరిగింది.

2018 జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగురు సంచారజాతివారిని జనం కొట్టి చంపారు. అదే నెల 13న బీదరు జిల్లాలో హైదరాబాదు యువకుడొకడు బలియైనాడు. దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచడమే ఆ మిత్రబృందం చేసిన నేరం! కారులో తప్పించుకొని పోతుంటే, వారికన్న ముందే వారి వార్త వాట్సాప్‌లో ముర్కి గ్రామం చేరింది. అక్కడ దారికి అడ్డం కట్టారు. పూర్వపు వదంతులు సాధువులని కాదు గాని, సంతనుండి ఊరు చేరేలోగా ‘నీవు కళ్ళారా చూచితివా?’ అని అడిగే పెద్ద ఒకడైనా తగిలేవాడు.

జోగులాంబ గద్వాల జిల్లాలో ఆ ప్రశ్న పోలీసులే అడిగారు. వేసవిలో ఆరుబయట పండుకొనే జనం తలుపులు బిగించుకొంటున్నారని గమనించి, అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసు కళాకారులను ఊరూరా పంపి పాటలు పాడించారు, డప్పు వేయించారు. జనం నమ్మారు. పాడేవాడు కళ్ళెదుట ఉన్నాడు కదా!

ఆ జూలైలోనే వాట్సాప్ సంస్థ ఫార్వర్డు సందేశాలకు గుర్తు పెట్టింది. భారతదేశంలో ఒక్కసారికి ఐదు చోట్లకే పంపేటట్లు కట్టడి చేసింది. 2019 జనవరిలో అది ప్రపంచమంతటికీ వర్తించింది. 2020 ఏప్రిల్‌లో, పలుచేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చోటికే పంపనిచ్చింది. అందినది అసలో, ముక్కో తేల్చే పని మాత్రం అందుకొన్నవానికే మిగిలింది. కరాచీ చిత్రం పూర్తి ప్రతి అంతర్జాలంలో అప్పుడూ ఉన్నది.