ఫ్లాండర్స్ సైకిల్ పందేలు, 2020

బెల్జియం ఉత్తర ప్రాంతమైన ఫ్లాండర్స్‌లో ఏటా వసంతంలో జరిగే రోడ్డు సైకిల్ పందేల సీజన్ 2020లో కోవిడ్ వల్ల కుదించుకుపోయింది. ఫిబ్రవరి 29న ఓమ్లూప్ పందెంలో యాస్పర్ స్టూవెన్, మర్నాడు కూర్నేలో కాస్పర్ ఆస్గ్రీన్ గెలిచారు. రెండు వారాలు తిరిగేసరికి అంతా ఆగిపోయింది.

ఇక్కడివారికి పండుగలాంటి టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ జరగాల్సిన ఏప్రిల్ 5న, 13 మంది సైకిలిస్టులు తమ ఇళ్లలోనే శిక్షణ యంత్రాలపై ఆ పందెపు చివరి 32 కిలోమీటర్లు తొక్కారు. అందులో నెగ్గిన గ్రెగ్ వాన్ ఆవర్మాట్‌కు అసలు పందెం మాత్రం ఎన్నడూ దక్కలేదు.

అక్టోబరులో కొన్ని పందేలు తిరిగి జరిగాయి. ఈ3, ద్వార్స్ దోర్ వ్లాండరెన్ పందేలు మాత్రం రద్దయ్యాయి. అక్టోబరు 18న, ప్రేక్షకులను ఇళ్లలోనే ఉండమన్న టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌లో, ముందున్న ముగ్గురిలో జూలియన్ అలాఫిలిప్ పందెం మోటారుసైకిల్‌ను గుద్దుకొని పడిపోయాడు. మిగిలిన ఇద్దరిలో మాథ్యూ వాన్ డెర్ పుల్ వెంట్రుకవాసిలో వౌట్ వాన్ ఆర్ట్‌ను ఓడించాడు. కుదించిన సీజనే అయినా, పోటీలో ఏ లోటూ లేదు. మాథ్యూ తండ్రి ఆద్రి 1986లో ఇదే పందెం గెలిచాడు.