సర్వర్‌కు నోరొచ్చిన వైనం

అడగందే అమ్మయినా పెట్టదంటారు. వెబ్ పుట్టినప్పుడు దాని తీరు అచ్చంగా ఇదే. టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో రూపొందించిన హెచ్‌టీటీపీ తొలి రూపంలో, 1991 నాటికి, ఉన్నది ఒకే ఒక్క ఆదేశం: ఫలానా పేజీ ఇవ్వు. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, వెంటనే కనెక్షన్ తెగిపోతుంది. పరిశోధన పత్రాలు చదువుకునేవారికి అంతకన్నా అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే. సర్వర్ దగ్గర ఎంత కొత్త కబురున్నా, అవతలివారు అడిగేదాకా అది నోరు విప్పకూడదు.

రిఫ్రెష్ మీట నొక్కుతూ క్రికెట్ స్కోరు చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. వికెట్ పడిందని సర్వర్‌కు తెలుసు, మన తెరకు తెలియదు. మళ్లీ నొక్కాలి.

దీనికి దొడ్డిదారులు వెతకడం చాలా ముందే మొదలైంది. 1999 మార్చిలో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీ అనే చిన్న సరంజామాను చేర్చింది. ఔట్‌లుక్ మెయిల్‌ను బ్రౌజర్‌లో చూపించే బృందం తన అవసరం కోసం తయారు చేసుకున్నది అది. పేజీ మొత్తం మళ్లీ తెచ్చుకోకుండా, కావలసిన ముక్కను మాత్రం తెర వెనక నుంచి అడిగి తెచ్చుకునే వీలు దానితో కలిగింది. ఈ తరహా పద్ధతికి 2005 ఫిబ్రవరిలో జెస్సీ జేమ్స్ గారెట్ ఎజాక్స్ అని పేరు పెట్టాక అది లోకమంతా పాకింది. అయినా అడగాల్సింది బ్రౌజరే. అయిదు సెకన్లకోసారి ‘ఏమైనా ఉందా?’ అనడం, ‘ఏమీ లేదు’ అనిపించుకోవడం. వేలమంది ఇలా అడుగుతుంటే సర్వర్ సత్తువంతా లేదని చెప్పడానికే సరిపోయేది.

ఇక్కడే కొందరు ప్రోగ్రామర్లకు ఒక ఉపాయం తట్టింది. అడిగిన వెంటనే జవాబివ్వాలని ఎక్కడా లేదు కదా! ప్రశ్న అందుకున్న సర్వర్, కొత్త కబురు వచ్చేదాకా జవాబును బిగబట్టుకుని ఉంటుంది. కబురు రాగానే వదులుతుంది. బ్రౌజర్ దాన్ని అందుకున్న మరుక్షణం ఇంకో ప్రశ్న పంపి మళ్లీ కాచుకుంటుంది. లాంగ్ పోలింగ్ అంటే ఇంతే. ఇలాంటి ఎత్తులన్నిటికీ కలిపి 2006 మార్చిలో అలెక్స్ రస్సెల్ కామెట్ అని పేరు పెట్టాడు.

వినడానికి తేలికే, ఆచరణలో మాత్రం ప్రాణం తీసేవి. జీమెయిల్‌లో చాట్ పెట్టిన గూగుల్ ఇంజినీర్ల అవస్థే చూడండి. కనిపించని ఐఫ్రేమ్‌లో ఎప్పటికీ పూర్తికాని పేజీని తెరిచి, అందులోంచి కబుర్లు ఒక్కొక్కటే జారవిడవడం ఒక పద్ధతి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అలా చేస్తే పేజీ ఇంకా లోడవుతున్నట్టు పైన బొమ్మ తిరుగుతూనే ఉండేది, పైగా టక్కుమని శబ్దం వచ్చేది. చివరికి హెచ్‌టీఎంఎల్‌ఫైల్ అనే మారుమూల యాక్టివ్‌ఎక్స్ వస్తువులో ఆ ఐఫ్రేమ్‌ను దాచి, శబ్దాన్ని నొక్కేశారు. మరో అడ్డంకి 1999 నాటి హెచ్‌టీటీపీ 1.1 నిబంధన. ఒక బ్రౌజర్ ఒక సర్వర్‌తో రెండు కనెక్షన్లకు మించి పెట్టుకోరాదని అందులో ఉంది. ఒకదాన్ని చాట్‌కు కట్టేస్తే మిగిలేది ఒక్కటే. అదే సైటును రెండో ట్యాబ్‌లో తెరిస్తే ఆ ఒక్కటీ పోయి పేజీ బిగుసుకుపోయేది.

సర్వర్ వైపు కష్టం వేరే. అప్పటి వెబ్ సర్వర్లు చాలావరకు ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌నో థ్రెడ్‌నో కేటాయించేవి. పని లేకుండా ఊరికే తెరిచి ఉన్న కనెక్షన్ కూడా మెమరీ తినేది. ఒకే యంత్రం మీద పదివేల కనెక్షన్లు నిలబెట్టడం ఎలా అని డాన్ కెగెల్ 1999లోనే ప్రశ్న లేవనెత్తాడు. ఆ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో జావాస్క్రిప్ట్ రాసేవారి చేతికి అందినది నోడ్.జేఎస్. 2009 నవంబరులో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ సదస్సులో రయన్ డాల్ దాన్ని చూపించాడు. ఒకే థ్రెడ్ మీద ఈవెంట్ లూప్ తిప్పుతూ వేల కనెక్షన్లను తెరిచి ఉంచడం దానికి మామూలు పని.

ఈలోగా దొడ్డిదారులతో విసిగినవారు రాజమార్గం అడిగారు. హెచ్‌టీఎంఎల్ 5 ముసాయిదాలో ఇయన్ హిక్సన్ టీసీపీకనెక్షన్ పేరుతో ఒక ప్రతిపాదన పెట్టాడు. 2008 జూన్‌లో మైకేల్ కార్టర్ తదితరులతో సాగిన చర్చల్లో అది రూపు మార్చుకుని వెబ్‌సాకెట్ అయింది. ఒకసారి చేతులు కలిపాక ఎవరు ఎప్పుడైనా మాట్లాడవచ్చు. క్రోమ్ నాలుగో వెర్షన్ దీన్ని అందరికన్నా ముందు అందుకుంది. తతిమ్మా బ్రౌజర్లలో కొన్నింటికి ఒక ముసాయిదా తెలుసు, కొన్నింటికి ఇంకో ముసాయిదా తెలుసు, చాలావాటికి ఏదీ తెలియదు.

ఆ గందరగోళంలో 2010లో అర్జెంటీనాకు చెందిన గియెర్మో రౌచ్ సాకెట్.ఐఓ అనే లైబ్రరీని విడుదల చేశాడు. ప్రోగ్రామర్ రాయాల్సింది రెండు మాటలే: కబురు పంపడానికి ఒకటి, వినడానికి ఒకటి. లోపల లైబ్రరీ ఒక మెట్ల వరుస దిగేది. వెబ్‌సాకెట్ ఉంటే సరే. లేకపోతే అడోబ్ ఫ్లాష్‌లోని సాకెట్, అదీ లేకపోతే లాంగ్ పోలింగ్, ఆఖరికి జేసన్‌పీ. దొడ్డిదారులన్నీ ఒకే గూటికి చేరాయి. ఏ బ్రౌజర్‌లో ఏ దారి పట్టిందో రాసినవారు తెలుసుకోనక్కర్లేకపోయింది.

రాజమార్గం మాత్రం పూర్తికాకముందే గోతిలో పడింది. బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య ఉండే కొన్ని పాత ప్రాక్సీలు వెబ్‌సాకెట్ మాటలను మామూలు హెచ్‌టీటీపీ అనుకుని మోసపోతాయని, వాటి క్యాష్‌లోకి దొంగ స్క్రిప్టులు ఎక్కించవచ్చని పరిశోధకులు బయటపెట్టారు. 2010 డిసెంబరుకల్లా ఫైర్‌ఫాక్స్, ఒపెరా కొత్త వెర్షన్లలో వెబ్‌సాకెట్‌ను ఆపేస్తున్నట్టు ప్రకటించాయి. దానికి మందుగా, బ్రౌజర్ పంపే ప్రతి ఫ్రేమునూ యాదృచ్ఛికంగా ఎంచుకున్న 32 బిట్ల తాళంచెవితో కలగాపులగం చేయాలన్న నియమం వచ్చింది. 2011 డిసెంబరులో ఆర్ఎఫ్‌సీ 6455గా ప్రమాణం ఖరారైంది. మరుసటి ఏడాది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 కూడా చేరింది.

వెబ్‌సాకెట్ అన్ని బ్రౌజర్లలోకీ వచ్చేశాక సాకెట్.ఐఓకు కాలం చెల్లాలి. చెల్లలేదు. ఎందుకంటే బ్రౌజర్‌కు భాష వచ్చినంత మాత్రాన దారి తెరిచి ఉంటుందన్న భరోసా లేదు. కార్పొరేట్ ఫైర్‌వాల్‌లు, యాంటీవైరస్‌లు, ప్రాక్సీలు వెబ్‌సాకెట్‌ను మధ్యలోనే తుంచేసేవి. ముందు దాన్ని ప్రయత్నించి, విఫలమయ్యాక కింది మెట్టుకు దిగే పాత వరుసలో వాడుకరి అంతసేపూ ఖాళీ తెర చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది. 2014 మేలో వచ్చిన 1.0 వెర్షన్ ఆ వరుసను తలకిందులు చేసింది. ముందు ఎక్కడైనా నడిచే లాంగ్ పోలింగ్‌తో మాట కలపడం, ఆనక వెబ్‌సాకెట్ దొరికితే దానికి మారడం. ఈ పని చూసే భాగాన్ని ఇంజిన్.ఐఓ పేరుతో విడదీశారు. వాడుకరులను జట్లుగా చూసే ‘రూమ్’లు, కబురు అందిందన్న రసీదు, లైను తెగితే తనంత తానే మళ్లీ కలవడం వంటివన్నీ లైబ్రరీతోపాటే చేతికొచ్చేవి.

లైను తెగిందని తెలియడం ఎలా? బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూస్తే సాకెట్.ఐఓ కాసే కాపలా కళ్లకు కడుతుంది. మామూలు అమరికలో 25 సెకన్లకోసారి సర్వర్ నుంచి ‘2’ అనే ఒక్క అంకె వస్తుంది, బ్రౌజర్ ‘3’ అని బదులిస్తుంది. 20 సెకన్లలో బదులు రాకపోతే అవతలి మనిషి లేనట్టే లెక్క. 2020 నవంబరుకు ముందు ఈ పిలుపు బ్రౌజర్ వైపు నుంచి వెళ్లేది. వెనక పడి ఉన్న ట్యాబ్‌లలో టైమర్లను బ్రౌజర్లు నెమ్మది చేయడం మొదలుపెట్టాయి. దాంతో పిలుపు ఆలస్యమై, బతికున్న కనెక్షన్లు కూడా తెగిపోయేవి. అందుకే సాకెట్.ఐఓ మూడో వెర్షన్‌లో పిలిచే పని సర్వర్‌కు అప్పగించారు.

ఇదే అవసరం మిగతావారికీ దారి చూపింది. మైక్రోసాఫ్ట్‌లో డేవిడ్ ఫౌలర్, డేమియన్ ఎడ్వర్డ్స్ 2011లో మొదలుపెట్టిన సిగ్నల్‌ఆర్ డాట్‌నెట్ లోకంలో అలాంటి మెట్లనే కట్టింది. ఎలిక్సిర్ భాషలోని ఫీనిక్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ బృందం 2015లో ఒకే సర్వర్ మీద 20 లక్షల వెబ్‌సాకెట్ కనెక్షన్లు నిలబెట్టి చూపింది. కెగెల్ అడిగిన పదివేలకు అది 200 రెట్లు.

కొత్తగా పని మొదలుపెట్టేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. సాకెట్.ఐఓ అంటే వెబ్‌సాకెట్ కాదు. ప్రతి కబురుకూ అది తన గుర్తులు తగిలిస్తుంది కాబట్టి దాని క్లయింటు మామూలు వెబ్‌సాకెట్ సర్వర్‌తో మాట్లాడలేదు. ఇక స్కోరులా సర్వర్ చెబుతుంటే వినడం వరకే పనైతే, బ్రౌజర్‌లో ఉన్న సర్వర్-సెంట్ ఈవెంట్స్ చాలు, ఏ లైబ్రరీ అక్కర్లేదు. రెండు వైపులా మాట సాగాలన్నా, వాడుకరులు ఎలాంటి నెట్‌వర్కుల మీంచి వస్తారో తెలియకపోయినా సాకెట్.ఐఓ ఇప్పటికీ మంచి ఎంపికే. 2023లో దానికి వెబ్‌ట్రాన్స్‌పోర్ట్ అనే సరికొత్త మార్గం కూడా తోడైంది. అమరికలు మార్చకుండా వదిలేస్తే మాత్రం ఇవాళ్టికీ అది మొదట మాట కలిపేది లాంగ్ పోలింగ్‌తోనే.