"ఈ ఛానల్ మాకొద్దు" అని చెప్పే హక్కు ఎలా వచ్చింది?



జిగణిలో పెన్షన్ మీద నడిచే మన ఇళ్ళలో ఈమధ్య తరచూ వినిపించే మాట ఒకటుంది: పే ఛానళ్ళు తీసేసి కేబుల్ ఖర్చు తగ్గించుకోవాలి. తీసేయండి, తప్పు లేదు. కానీ ఈ వీలు మనకు ఊరికే రాలేదు. పదహారేళ్ళు పట్టింది. ఆ కథ తెలిస్తే ఏది తీయాలో, ఏది ఉంచాలో కూడా తెలుస్తుంది.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత వీధివీధికీ కేబుల్ వైర్లు వచ్చాయి. 1993లో సన్, 1994లో ఉదయ, 1995లో జెమిని, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాయి. మేము చదివింది తమిళ మీడియంలో. తెలుగు మాట ఇంట్లోదే గాని, తెలుగు అక్షరాలు చదవడం అలవాటైంది టీవీలో కింద పరుగెత్తే వార్తల వల్లే. అప్పట్లో అన్ని ఛానళ్ళకూ కలిపి ఒకటే రేటు. చూసినా చూడకపోయినా కట్టాల్సిందే. మా రైల్వే లెక్కలో చెప్పాలంటే, ఎక్కడ దిగినా చివరి స్టేషన్ దాకా టికెట్ కొన్నట్టు.

2003 సెప్టెంబరు 1న చెన్నైలో 'క్యాస్' పద్ధతి వచ్చింది. ఉచిత ఛానళ్ళకు బాక్స్ అక్కర్లేదు, పే ఛానళ్ళు కావాలంటే సెట్‌టాప్ బాక్స్ పెట్టుకోవాలి. అక్కడ చాలా ఇళ్ళవాళ్ళు బాక్స్ పెట్టుకోనే లేదు. ఎందుకంటే జనం ఎక్కువగా చూసే తమిళ ఛానళ్ళు ఉచితం వరుసలోనే ఉన్నాయి. డబ్బు మిగిలింది, భాష పోలేదు.

మన సంగతి వేరు. ట్రాయ్ 2017 మార్చిలో ఇచ్చిన ఆదేశం, సుప్రీంకోర్టు కూడా సమర్థించాక, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. వంద ఛానళ్ళ కనెక్షన్‌కు 130 రూపాయలు, పే ఛానల్ దేని ధర దానికే. అప్పుడు జెమిని, స్టార్ మా, జీ తెలుగు తలా 19, ఈటీవీ 17. మొత్తం 74. ఉచిత ఛానళ్ళు మాత్రమే అయితే జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఈ నాలుగూ కలిపితే 240 రూపాయల 72 పైసలు. అంటే తెలుగు కోసం మనం నెలకు అదనంగా కట్టింది సుమారు 87 రూపాయలు.

మరి బిల్లు అంతకంటే ఎందుకు పెరిగింది? బొకేల వల్ల. విడిగా కొంటే ఎక్కువ, కట్టగా కొంటే తక్కువ అని చూపి, మనం ఎన్నడూ తిప్పని ఛానళ్ళు కూడా అంటగట్టారు. ట్రాయ్ 2020లో దీన్ని కట్టడి చేయబోయి, బొకేలో చేర్చే ఛానల్ ధర 12 రూపాయలు దాటకూడదంది. 2022 నవంబరులో మళ్ళీ 19కి వచ్చింది. 2024లో కనెక్షన్ ఛార్జీకి ఉన్న పరిమితి కూడా ఎత్తేశారు. కాబట్టి ఇప్పటి రేటు ఆపరేటర్‌నే అడిగి తెలుసుకోవాలి.

అసలు నెల ఛార్జీయే వద్దనుకునేవారికి 2004 డిసెంబరులో మొదలైన దూరదర్శన్ ఉచిత డిష్ ఉంది. దాంట్లో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. డిష్, బాక్స్ ఒకసారి కొంటే చాలు.

మన మనవలకు బడిలో కన్నడ, ఇంగ్లీషు. ఇంట్లో పెద్దవాళ్ళకు మధ్యాహ్నం తోడు తెలుగు సీరియలే. కాబట్టి బిల్లు తగ్గించేటప్పుడు ముందు బొకే తీయించండి, స్పోర్ట్స్, ఇంగ్లీషు సినిమాలు తీయించండి. ఇంట్లో నిజంగా చూసే ఒకటో రెండో తెలుగు ఛానళ్ళు విడిగా ఉంచుకోండి. కాగితం మీద పేర్లు రాసి ఆపరేటర్‌కు ఇవ్వండి. నోటిమాట నిలవదు.